గ్వాంగ్‌జౌ పాత సంతలు, పాత సందులు: గంట చూసుకుని తిరగడం ఎలా

దక్షిణ చైనాకు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది గ్వాంగ్‌జౌలోనే దిగుతారు. సరుకు చూసుకోవడానికి వెళ్ళే వ్యాపారులు, ఎగ్జిబిషన్‌కు వెళ్ళేవాళ్ళు, అక్కడ చదువుకుంటున్న పిల్లల్ని చూడటానికి వెళ్ళే అమ్మానాన్నలు ఇలా ఎందరో. హోటల్, మాల్స్, నది ఒడ్డున 600 మీటర్ల టవర్ చూసుకుని తిరిగొచ్చేస్తారు. ఊరి అసలు బతుకు మాత్రం పడమటి వైపున, లీవాన్ జిల్లాలో ఉంది. పాతవాళ్ళు ఆ భాగాన్ని షీగ్వాన్ అంటారు. అక్కడి సందుల్లో ఇల్లు, కొట్టు, గుడి, సంత ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి.

అక్కడికి వెళ్ళినవాళ్ళలో కూడా కొందరు "ఏముంది, అన్నీ షట్టర్లే" అని పెదవి విరుస్తారు. దానికి కారణం ఒక్కటే, తప్పు వేళకు వెళ్ళడం. ఈ సంతల్లో ఒక్కోదానికి ఒక్కో వేళ ఉంది. బట్టల హోల్‌సేల్ సందు తెల్లవారకముందే లేచి మధ్యాహ్నానికి పడుకుంటుంది. మూలికల బజారు పొద్దున తొమ్మిదింటికి గానీ కళ్ళు తెరవదు. తిండి వీధి చీకటి పడ్డాకే ఊపందుకుంటుంది. అందుకే ఈ మార్గదర్శిని మ్యాపు వరసలో కాకుండా గడియారం వరసలో రాస్తున్నాను. మొదటి రోజు చూడాల్సినవన్నీ దాదాపు మూడు కిలోమీటర్ల పరిధిలోనే ఉన్నాయి కాబట్టి నడక పెద్ద కష్టం కాదు.

1. బయల్దేరే ముందు సర్దుకోవాల్సినవి

వీసా ముందే తీసుకోవాలి. కోల్‌కతా నుంచి 2025 అక్టోబర్ చివర్లో, ఢిల్లీ నుంచి నవంబర్‌లో గ్వాంగ్‌జౌకు నేరుగా విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి హాంకాంగ్ వెళ్ళి అక్కడ హైస్పీడ్ రైలెక్కినా సుమారు గంటలో గ్వాంగ్‌జౌ సౌత్ స్టేషన్‌లో ఉంటారు. కాకపోతే హాంకాంగ్‌లో అడుగుపెట్టాలంటే మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో ముందస్తు రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. చైనా వీసా ఉంది కదా అని దీన్ని వదిలేయకండి.

డబ్బు సంగతి అన్నిటికంటే ముఖ్యం. పండ్ల బండి నుంచి గుడి దగ్గర అగరొత్తుల కొట్టు దాకా అన్నిచోట్లా క్యూఆర్ కోడే. ఇంట్లో ఉండగానే ఫోన్‌లో అలీపే అనే చెల్లింపుల యాప్ వేసుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ జత చేసుకోండి. మీ బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. విదేశీ కార్డుతో 200 యువాన్ల లోపు కడితే అదనపు రుసుము ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. చిన్న నోట్లు కొన్ని జేబులో ఉంచుకోవడం మంచిదే, కానీ చిల్లర లేదంటారు. యువాన్ అంటే సుమారు 12-13 రూపాయలు అని మనసులో పెట్టుకుంటే లెక్కలు తేలిక.

వాట్సాప్, గూగుల్ అక్కడి వైఫైలో పనిచేయవు. మన సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేసుకుంటే డేటా మన నెట్‌వర్క్ ద్వారా వెళ్తుంది కాబట్టి అన్నీ మామూలుగానే నడుస్తాయి, ఇంటికి ఫోన్ చేయడానికి టెన్షన్ ఉండదు. దారి చూసుకోవడానికి మాత్రం గూగుల్ మ్యాప్స్‌ను నమ్మొద్దు, సందుల్లో పక్కదారి పట్టిస్తుంది. అక్కడివాళ్ళు వాడే యామ్యాప్ (Amap) అనే మ్యాపుల యాప్‌కు ఇంగ్లీషు రూపం ఉంది, అది దించుకోండి.

కాలం విషయానికొస్తే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా హాయిగా తిరగొచ్చు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, ఉక్కపోత, మధ్యలో తుఫాన్లు. ఫిబ్రవరి-ఏప్రిల్ మధ్య కొన్ని రోజులు గాలిలో తేమ ఎంత ఉంటుందంటే గోడలు, గచ్చు చెమట్లు పడతాయి. చైనా కొత్త సంవత్సరం చుట్టూ హోల్‌సేల్ బజార్లు రోజుల తరబడి మూసేస్తారు. ఆ పండుగకు ముందు రెండు మూడు రోజులు జరిగే పూల సంత మాత్రం చూసి తీరాలి. కాయలతో నిండిన చిన్న నారింజ మొక్కలు, పీచ్ పూల కొమ్మలు భుజాన వేసుకుని జనం ఇళ్ళకు వెళ్తుంటారు. 1957 నుంచి జరుగుతున్న క్యాంటన్ ఫెయిర్ అనే పెద్ద వాణిజ్య ప్రదర్శన ఏటా ఏప్రిల్ 15 నుంచి మే 5 దాకా, మళ్ళీ అక్టోబర్ 15 నుంచి నవంబర్ 4 దాకా ఉంటుంది. ఆ రోజుల్లో హోటల్ రేట్లు ఆకాశంలో ఉంటాయి. వ్యాపారం పని లేకపోతే ఆ వారాలు వదిలేయండి.

బస లీవాన్‌లోనే చూసుకోండి. మెట్రో మొదటి లైన్‌లో చాంగ్‌షౌ లూ స్టేషన్ చుట్టుపక్కల ఉంటే ఈ మార్గదర్శిలో సగం చోట్లకు నడిచే వెళ్ళొచ్చు. మెట్రో కనీస ఛార్జీ 2 యువాన్లు.

2. నోటికి నాలుగు మాటలు, చేతికి పది అంకెలు

బోర్డుల మీద, మ్యాపుల్లో ఊరి పేర్లన్నీ మాండరిన్ ఉచ్చారణలో ఉంటాయి, అందుకే ఇక్కడ కూడా చోట్ల పేర్లు అలాగే రాశాను. సంతలో పెద్దవాళ్ళు మాట్లాడేది మాత్రం క్యాంటనీస్. మాండరిన్ అందరికీ అర్థమవుతుంది, కానీ రెండు ముక్కలు క్యాంటనీస్‌లో అంటే మొహాలు విచ్చుకుంటాయి.

"మ్‌గోయ్" అంటే ఎవరైనా చిన్న సాయం చేసినప్పుడు కృతజ్ఞత. "కాస్త జరగండి", "ఏమండీ" అనడానికి కూడా అదే మాట. "గే దో చిన్" అంటే ఎంత. "పెంగ్ దీ లా" అంటే కాస్త తగ్గించండి. శాకాహారులు "ఙో సిక్ జాయ్" నేర్చుకోవాలి, నేను శాకాహారం తింటాను అని. అమ్మేవాళ్ళు మిమ్మల్ని "లెంగ్ జాయ్" అనో "లెంగ్ నోయి" అనో పిలుస్తారు. అందగాడా, అందగత్తె అని. వయసుతో, అందంతో పని లేదు, ఎవరినైనా అలాగే పిలుస్తారు. మీరూ వాళ్ళను అలా పిలవొచ్చు.

తూకం విషయంలో జాగ్రత్త. అక్కడ కిలో లెక్క చెప్పరు. ఒక జిన్ అంటే 500 గ్రాములు, అందులో పదో వంతు లియాంగ్, అంటే 50 గ్రాములు. కూరగాయలు, పండ్ల మీద రాసిన ధర జిన్‌కు. ఖరీదైన మూలికలు, ఎండు సముద్రపు సరుకుల మీద రాసింది లియాంగ్‌కు కావచ్చు, గ్రాముకు కూడా కావచ్చు. "ఇంత చవకా" అనిపిస్తే ముందు తూకం ఏమిటో అడగండి, తర్వాతే పొట్లం కట్టించండి.

అంకెలు ఒక్క చేత్తోనే చూపిస్తారు. అయిదు దాకా మన పద్ధతే. ఆరుకు బొటనవేలు, చిటికెనవేలు చాపుతారు. ఎనిమిదికి బొటనవేలు, చూపుడువేలు. పదికి పిడికిలి. అదీ అర్థం కాకపోతే కాలిక్యులేటర్ మీ ముందు పెడతారు.

3. పొద్దున ఆరున్నర: కూరల సంత, టీ బల్ల

మొదటి రోజు పెందలాడే లేవండి. షీగ్వాన్‌లో ఏ సందులోకి వెళ్ళినా ఒక చిన్న కూరల సంత తగులుతుంది. మీరు దిగిన చోటికి దగ్గర్లో ఉన్నదే చాలు, ప్రత్యేకంగా వెతకక్కర్లేదు. చక్రాల సంచులు లాక్కుంటూ వచ్చే అమ్మమ్మలు ఎటు వెళ్తే అటు వెళ్ళండి.

మన ఇంటి ఆడవాళ్ళను తీసుకెళ్తే ఇక్కడి నుంచి కదిలించడం కష్టం. బీరకాయ, కాకర, బూడిద గుమ్మడి, చేమ దుంపలు, బారెడు పొడవు అలసంద కాయలు, తూటికూర అన్నీ కనిపిస్తాయి. వాటి పక్కనే మనకు తెలియనివి ఉంటాయి: కాడలతో తినే రకరకాల ఆవకూరలు, బురద అంటిన తామర దుంపలు, నీటి అడుగున పండే గుండ్రటి నల్ల దుంపలు. చేపలు తొట్టెల్లో బతికే ఉంటాయి, ఎంచుకున్నాక మీ ముందే కోస్తారు. చూడలేనివాళ్ళు ఆ వరస తప్పించుకుని ఆకుకూరల వైపు వెళ్ళొచ్చు. బేరం అయ్యాక ఉల్లికాడలు రెండు కొసరుగా సంచిలో పడేస్తారు. గదిలో వంట లేకపోయినా పండ్లు కొనండి. మే నెలాఖరు నుంచి జులై దాకా వెళ్తే లీచీలు. కొమ్మలు, ఆకులతో సహా కట్టలు కట్టి అమ్ముతారు, ఆకు పచ్చగా ఉంటే కాయ తాజా.

తర్వాత టిఫిను. గ్వాంగ్‌జౌ వాళ్ళకు పొద్దున టీ అంటే కప్పు టీ తాగి లేవడం కాదు. కుటుంబమంతా గుండ్రటి బల్ల చుట్టూ చేరి, కెటిల్ టీ పెట్టుకుని, ఆవిరి బుట్టల్లో వచ్చే చిన్న చిన్న పలహారాలు తింటూ గంటా రెండు గంటలు కూర్చుంటారు. 1880లో మొదలైన థావ్‌థావ్‌జూ, 1889 నాటి లియెన్‌షియాంగ్ లౌ అనే పాత టీ హోటళ్ళు ఈ ప్రాంతానివే. ముందు వేడి టీతో కప్పులు, గిన్నెలు కడుక్కోవడం ఆనవాయితీ. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టండి, అదే కృతజ్ఞత. కెటిల్ ఖాళీ అయితే మూత సగం తీసి పెడితే చాలు, పిలవక్కర్లేకుండానే నీళ్ళు పోస్తారు.

అంతసేపు కూర్చునే తీరిక లేకపోతే సందు మొదట్లో ఆవిరి పొగలు వస్తున్న కొట్టు చూడండి. బీరువా సొరుగుల్లాంటి స్టీలు పెట్టె ఒకటి ఉంటుంది. సొరుగు లాగుతారు, గరిటెడు పల్చటి బియ్యప్పిండి పోస్తారు, పైన కోడిగుడ్డో మాంసమో వేసి లోపలికి తోస్తారు. నిమిషం తిరగకముందే మళ్ళీ లాగి, గీకుడు రేకుతో పల్చటి పొరను దగ్గరికి నెట్టి, ముక్కలు చేసి పళ్ళెంలో వేస్తారు. పైన తియ్యటి సోయా సాస్. ఇది ఛాంగ్‌ఫెన్. లోపల ఏమీ లేని రకాన్ని "జాయ్ ఛియోంగ్" అని అడగండి, శాకాహారులకు పొద్దున్నే ధైర్యంగా తినగలిగే పదార్థం ఇదొకటి.

4. ఎనిమిదింటికి: షిసాన్‌హాంగ్ బట్టల సందులు

ఇది చూడటానికే తప్ప కొనడానికి అంత అనువైనది కాదని నా అభిప్రాయం. మెట్రోలో కల్చరల్ పార్క్ స్టేషన్‌లో దిగి బయటికి రాగానే నల్ల ప్లాస్టిక్ మూటలు ఎదురవుతాయి. మనిషి ఎత్తున మూటలు పేర్చిన తోపుడు బళ్ళు అరుచుకుంటూ దూసుకొస్తాయి. మీ వెనక ఎవరో కేక వేస్తే ఆలోచించకుండా గోడకు అంటుకుని నిలబడండి. దేశం నలుమూలల నుంచి, బయటి దేశాల నుంచి వచ్చిన చిన్న దుకాణదారులు ఇక్కడ ఆడవాళ్ళ దుస్తులు డజన్ల లెక్కన ఎత్తుకెళ్తారు. తెల్లవారకముందే మొదలయ్యే ఈ హడావిడి మధ్యాహ్నానికి సద్దుమణుగుతుంది.

"నా హువో?" అని అడుగుతారు, అంటే సరుకు ఎత్తడానికి వచ్చారా అని. ఒక్కటే కావాలంటే చాలా కొట్లలో ఇవ్వరు, ఇచ్చినా వేరే రేటు చెబుతారు. వేసుకుని చూడటానికి ఒప్పుకోరు. ఫొటోలు తీస్తే డిజైన్ కాపీ కొట్టేవాళ్ళనుకుని గట్టిగా అరుస్తారు, కెమెరా లోపల పెట్టుకోండి.

మీరు నడుస్తున్న నేలకు పెద్ద చరిత్ర ఉంది. 1757 నుంచి 1842 దాకా పాశ్చాత్య దేశాల నౌకా వ్యాపారానికి చైనా తెరిచి ఉంచిన రేవు ఇదొక్కటే. యూరప్ వర్తకుల గిడ్డంగులు, మన బొంబాయి పార్సీల వ్యాపారం అన్నీ ఈ నదీ తీరాన ఉండేవి. ఇక్కడి నుంచి టీ, పట్టు, పింగాణీ వెళ్ళేవి. మన దేశం నుంచి పత్తి, ఆ తర్వాత నల్లమందు ఇక్కడికి వచ్చేవి. 1856లో ఆ గిడ్డంగులన్నీ కాలి బూడిదయ్యాయి. షిసాన్‌హాంగ్, అంటే "పదమూడు వర్తక కోఠీలు" అనే పేరు మాత్రం ఈ బట్టల సందుకు మిగిలింది.

5. తొమ్మిదిన్నరకు: ఛింగ్‌పింగ్ మూలికల బజారు

మొత్తం షీగ్వాన్‌లో ఒక్కచోటే చూసే వీలుంటే నేను దీన్నే ఎంచుకుంటాను. 1979లో, చైనా ప్రైవేటు వ్యాపారానికి తలుపులు తీస్తున్న తొలి రోజుల్లో మొదలైన సంత ఇది. రైతులు నేరుగా తెచ్చి, గిరాకీని బట్టి ధర పెట్టుకుని అమ్ముకోవడం అప్పట్లో పెద్ద వింత. ఒకప్పుడు బతికున్న జంతువుల వ్యాపారంతో చెడ్డపేరు తెచ్చుకుంది. 2003లో సార్స్ అంటువ్యాధి వచ్చాక అదంతా తీసేశారు. ఇప్పుడు మిగిలింది ఎండు సరుకు, మూలికలు, పక్క సందుల్లో అలంకారపు చేపలు, పూలు.

నడవగానే ముక్కుకు ఒకేసారి పది వాసనలు తగులుతాయి. గోనె సంచుల నోళ్ళు మడిచి వరసగా పెట్టి ఉంటాయి: గోజీ పళ్ళు, ఎర్ర ఖర్జూరాలు, తామర గింజలు, ఎండబెట్టిన లిల్లీ దుంప రేకులు, చేమంతి పూలు, జిన్సెంగ్ వేళ్ళు, గుండ్రటి లువోహాన్ కాయలు. మరో వరసలో ఎండిన బల్లులు పుల్లలకు సాగదీసి కట్టి ఉంటాయి, సముద్ర గుర్రాలు, నక్షత్ర చేపలు, జింక కొమ్ము బిళ్ళలు ఉంటాయి. అవేవీ కొనొద్దు. సముద్ర గుర్రాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, విమానాశ్రయంలో పట్టుకుంటే సరదా సరదాగా ఉండదు.

కొనదగినది ఒకటుంది, ఛెన్‌పీ. నారింజ జాతి కాయ తొక్కను ఎండబెట్టి ఏళ్ళ తరబడి నిలవ పెడతారు. గ్వాంగ్‌జౌకు దగ్గర్లోనే ఉన్న షిన్‌హుయి తొక్కకు పేరు. కనీసం మూడేళ్ళు నిలవ ఉంటేనే దాన్ని ఛెన్‌పీ అంటారు, వయసు పెరిగేకొద్దీ ధర ఎక్కుతుంది. ఎలా చూడాలంటే, ముందు ఒక తొక్క చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మంచి తొక్కలో నూనె గ్రంథులు సన్నటి చుక్కల్లా వెలుగును లోపలికి రానిస్తాయి. లోపలి తెల్ల పొర పాతదయ్యేకొద్దీ పొరలు పొరలుగా రాలిపోతుంది. విరిస్తే ఠప్పుమని విరగాలి, మెత్తగా వంగితే చెమ్మ పట్టినట్టు. బయటా లోపలా ఒకే ముదురు రంగులో ఉంటే టీ నీళ్ళలో ముంచి ముసలితనం తెచ్చారేమో అనుమానించండి. కొత్త తొక్కలో పుల్లటి ఘాటు ఉంటుంది, పాతదాంట్లో అది తగ్గి కలప, తేనె కలిసిన వాసన మిగులుతుంది. అయిదారేళ్ళది యాభై గ్రాములు తీసుకోండి చాలు. వేణ్ణీళ్ళలో వేసుకుని తాగొచ్చు, ముద్దపప్పులో చిన్న ముక్క వేసి ఉడికించి చూడండి, నాకు ఆ రుచి చాలా ఇష్టం.

కొట్టువాళ్ళు తొందరపెట్టరు. రెండు మూడు కొట్లలో ఒకే సరుకు అడిగి ధర పోల్చుకున్నాకే కొనండి. ఒకాయన మరీ తక్కువ చెబితే సంతోషించకండి, తొక్కను మళ్ళీ వెలుగులో పెట్టి చూడండి.

6. పదకొండున్నర నుంచి రెండింటి దాకా: షామియన్‌లో నీడ

ఎండ ముదిరే వేళకు ఛింగ్‌పింగ్ దక్షిణపు కొసకు వచ్చేస్తారు. ఎదురుగా పెద్ద రోడ్డు, దాని పేరు లియూ ఎర్ సాన్, అంటే 6-2-3. 1925 జూన్ 23న ఇక్కడ ఊరేగింపు చేస్తున్న జనం మీద అవతలి గట్టు నుంచి బ్రిటిష్, ఫ్రెంచి సైనికులు కాల్పులు జరిపారు. యాభై మందికి పైగా చనిపోయారు. ఆ తేదీయే రోడ్డు పేరు.

చిన్న కాలువ దాటితే షామియన్ దీవి. రెండో నల్లమందు యుద్ధం తర్వాత బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్న నేల. పెద్ద పెద్ద మర్రి, కర్పూర వృక్షాల కింద పాత కాన్సులేట్లు, బ్యాంకులు, ఒక చిన్న చర్చి. కాసేపు కూర్చుని కాళ్ళకు విశ్రాంతి ఇవ్వడానికి మంచి చోటు, అంతకు మించి సమయం పెట్టక్కర్లేదు.

7. మూడింటి నుంచి: సందులు చదవడం

చాంగ్‌షౌ లూ వైపు తిరిగి రండి. ముందు హువాలిన్ గుడి. దక్షిణ భారతం నుంచి సముద్రం మీద వచ్చిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు 6వ శతాబ్దంలో దిగింది ఇక్కడేనని చైనా సంప్రదాయం చెబుతుంది. అప్పట్లో నది ఒడ్డు ఇక్కడిదాకా ఉండేది. "పడమటి నుంచి వచ్చినవాడి తొలి నేల" అని ఆ చోటికి పేరు. మన వైపు నుంచి వెళ్ళిన మనిషిని పధ్నాలుగు వందల ఏళ్ళకు పైగా ఆ వీధి గుర్తుంచుకుంది. మనవాళ్ళెవరూ అక్కడికి వెళ్ళకుండా తిరిగిరావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. లోపల అయిదు వందల మంది అర్హతుల, అంటే జ్ఞానం పొందిన బౌద్ధ శిష్యుల మందిరం ఉంది. గుడి చుట్టూ ఉన్నదంతా పచ్చరాయి (జేడ్) బజారు. గాజులు, పూసలు, లాకెట్లు చూడండి, కానీ రాయి తెలిసినవాళ్ళు వెంట లేకపోతే పెద్ద మొత్తం పెట్టకండి. రంగు ఎక్కించిన రాళ్ళు కంటికి తెలియవు.

అక్కడి నుంచి పడమరగా పది పదిహేను నిమిషాలు నడిస్తే ఎన్నింగ్ రోడ్డు. రోడ్డుకు రెండు పక్కలా పై అంతస్తు ముందుకు వచ్చి స్తంభాల మీద నిలబడి ఉంటుంది, కింద నడవా. వానలోనూ ఎండలోనూ గొడుగు లేకుండా కొట్టు కొట్టుకూ తిరగొచ్చు. 1918 నుంచి ఊరి ప్రాకారాలు కూలగొట్టి రోడ్లు వేసినప్పుడు ఈ పద్ధతి ఊరంతా పాకింది. ఇక్కడ రాగి, ఇత్తడి పాత్రలు చేత్తో సాగగొట్టే కొట్లు ఇంకా ఉన్నాయి, సుత్తి చప్పుడు ముందు వినిపిస్తుంది. క్యాంటనీస్ నాటక కళాకారుల సంఘం, 1889లో పుట్టిన బాహె హుయ్‌గ్వాన్, ఈ రోడ్డులోనే ఉంది.

వెనక సందుల్లో ఉన్న యోంగ్‌ఛింగ్ ఫాంగ్‌ను 2016 నుంచి బాగుచేసి కాఫీ షాపులు, బొమ్మల కొట్లు పెట్టారు. బ్రూస్ లీ తండ్రి నాటక నటుడు, వాళ్ళ పాత ఇల్లు ఇక్కడే ఉంది, చూడొచ్చు. ఫొటోలకు బాగుంటుంది. నాకు మాత్రం దాని అంచులు దాటాక వచ్చే సందులు, ఇంకా జనం కాపురం ఉంటున్నవి, ఎక్కువ నచ్చుతాయి. అక్కడ బట్టలు ఆరేసి ఉంటాయి, గుమ్మం ముందు తాతగారు పంజరంలో పిట్టను పెట్టుకుని కూర్చుంటారు.

పాత షీగ్వాన్ ఇల్లు కనబడితే తలుపు దగ్గర ఆగండి. మూడు తలుపులుంటాయి. వీధి వైపు చెక్కిన చిన్న రెక్కల తలుపు, దారిన పోయేవాళ్ళకు లోపలిది కనిపించకుండా. రెండోది ఇంటికి ప్రాణం లాంటిది. గుండ్రటి దుంగలు అడ్డంగా పేర్చి చేసిన చట్రం అది, పక్కకు జరుపుతారు. దుంగల లెక్క ఎప్పుడూ బేసి సంఖ్యే. దాన్ని మూసి గడియ పెడితే మనిషి రాలేడు, గాలి మాత్రం ధారాళంగా వస్తుంది. ఉక్కపోత ఊళ్ళో కరెంటు లేని రోజుల్లో కనిపెట్టిన ఉపాయం. మూడోది రాత్రిపూట మూసే బరువైన చెక్క తలుపు. కింద రాతి గడపలో దుంగల చట్రం జరగడానికి కోసిన గాడి, అరిగి నున్నగా మెరుస్తూ ఉంటుంది. పైన రంగు అద్దాల కిటికీలు. సందులో పరిచిన గ్రానైట్ పలకల కింద మురుగు కాలువ వెళ్తుంది.

ఇవి ఇళ్ళు, మ్యూజియం కాదు. లోపలికి తొంగిచూడొద్దు, మనుషుల్ని అడగకుండా ఫొటో తీయొద్దు. కెమెరా చూపించి కనుబొమలెత్తితే చాలు, ఒప్పుకుంటారో లేదో వెంటనే తెలుస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా వెనకనుంచి వస్తాయి, చిన్నపిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

8. సాయంత్రం, రాత్రి

అయిదింటికి లీవాన్ సరస్సు వైపు వెళ్ళండి. పక్కనే పాన్‌థాంగ్ అనే పాత ఊరు, నగరం మింగేయగా మిగిలిన ముక్క. పొద్దున సంతలో చూసిన తామర దుంప, నల్ల గుండ్రటి దుంప లాంటి "అయిదు నీటి పంటలకు" ఈ ఊరి చెరువులే పుట్టిల్లు. 2010 ఏషియన్ గేమ్స్‌కు ముందు, రోడ్డు కింద కప్పేసిన పాత కాలువను మళ్ళీ తవ్వి బయటికి తెచ్చారు. ఆ గట్టు మీద పెద్దవాళ్ళు వాద్యాలు పెట్టుకుని నాటకం పాటలు పాడుతుంటారు. నిలబడి వినొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

తిండికి షాంగ్‌షియాజియూ వీధి, దాని పక్క సందులు. మాంసాహారులకు కొదవ లేదు: పడవ గంజి, గొడ్డు పేగుల కూర, రొయ్యల పొట్లాల నూడుల్స్, వేలాడే కాల్చిన బాతులు. అల్లం రసం మీద వేడి గేదె పాలు పోసి పేరనిచ్చే పాల మిఠాయి అందరూ తినొచ్చు. జున్నులా వణుకుతూ ఉంటుంది, గుడ్డు పడదు. దాని పక్కనే ఉండే రెండు మీగడల పాల మిఠాయిలో మాత్రం గుడ్డు తెల్లసొన ఉంటుంది.

శాకాహారులు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఆకుకూర వేపుడు అడిగితే దాంట్లో ఆయిస్టర్ సాస్ పడుతుంది, పంది కొవ్వు పడొచ్చు. మాంసం, చేప, ఆయిస్టర్ సాస్, పంది కొవ్వు, ఎముకల రసం వద్దు అని చైనీస్‌లో అనువాదం చేయించుకుని ఫోన్‌లో ఫొటోగా ఉంచుకోండి, ఆర్డరిచ్చే ముందు చూపించండి. ల్యూరోంగ్, గ్వాంగ్‌షియావ్ వంటి బౌద్ధ గుళ్ళ చుట్టుపక్కల శుద్ధ శాకాహార భోజనశాలలు ఉంటాయి. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. నాలుగో రోజుకు పప్పన్నం మీద మనసు పోతే షావ్‌బే ప్రాంతంలో మన దేశపు హోటళ్ళు ఉన్నాయి. అరబ్బు, ఆఫ్రికా వర్తకులు తిరిగే పేట అది.

పడుకునే ముందు మూల మీద రాగి కూజాలున్న కొట్లో చేదు కషాయం ఒక గ్లాసు తాగి చూడండి. ఉక్కపోత ఊరికి ఇంటిమందు అది, నూనె పదార్థాలు తిన్న రోజున అక్కడివాళ్ళు తప్పక తాగుతారు. ఇరవై నాలుగు మూలికల రకం నేలవేముకు తీసిపోదు.

9. రెండో రోజుకు రెండు చోట్లు

పొద్దున యీదే రోడ్డు. వీధి పొడవునా ఎండు సముద్రపు సరుకు: ఆల్చిప్ప మాంసం, చేప తిత్తులు, ఎండు రొయ్యలు. నీచు వాసన పడనివాళ్ళు వెళ్ళొద్దు. ఎండు రొయ్యలు తెలిసిన కోస్తా వాళ్ళకు అక్కడ ఉన్న నాణ్యత తరగతులు చూస్తే మతిపోతుంది. ఆ రోడ్డు పక్కనే 1863 నుంచి 1888 దాకా పూర్తిగా గ్రానైట్‌తో కట్టిన చర్చి ఉంది, ఊళ్ళో వాళ్ళు "రాతి ఇల్లు" అంటారు.

మధ్యాహ్నం ఫాంగ్‌త్సున్ టీ బజారు. దేశంలోకెల్లా పెద్ద టీ హోల్‌సేల్ అడ్డా. ఏ కొట్లో కూర్చున్నా చిన్న కప్పుల్లో టీ వంచి ఇస్తూనే ఉంటారు, డబ్బు అడగరు. పుఎర్ అనే నిలవ టీని అదిమి చేసిన బిళ్ళ మామూలుగా 357 గ్రాములుంటుంది. పాతదని చెప్పి వేలల్లో అడిగేదాని జోలికి పోకండి. తాగి, నచ్చిన ఈ ఏటి సరుకు కొద్దిగా తీసుకోండి. మూడు కొట్ల కంటే ఎక్కువ కూర్చుంటే రాత్రి నిద్ర పట్టదు.

బేరం గురించి ఒక్క మాట. కూరలు, తిండి, ధర అంటించిన షాపుల్లో బేరం లేదు. పచ్చరాయి, బొమ్మలు, పాత సామాన్ల దగ్గర గట్టిగానే అడగొచ్చు. తెల్లవారకముందు నేల మీద గుడ్డ పరిచి పాత వస్తువులు అమ్మే సంతలు కొన్నిచోట్ల ఇంకా జరుగుతాయి, వాటిని "తిన్ గ్వోంగ్ హోయ్" అంటారు. చోటు మారుతూ ఉంటుంది కాబట్టి ముందు రోజు హోటల్లో వాకబు చేయండి. టార్చి లైటు పట్టుకెళ్ళండి.

10. ఇంకో మూడు రోజులుంటే

తూర్పుగా తీరం వెంట రైలెక్కండి. ఛావ్‌జౌలో రాతి తోరణాల వీధి ఉంది. అక్కడ ప్రతి కొట్టు ముందూ బొమ్మరిల్లు సైజు కప్పుల్లో చిక్కటి టీ నడుస్తూనే ఉంటుంది. ఇంకా ముందుకెళ్తే ఛువాన్‌జౌ, 2021లో యునెస్కో జాబితాలో చేరిన పాత రేవు. అక్కడి కైయువాన్ బౌద్ధ గుడి వెనక వసారాలో రెండు స్తంభాల మీద కృష్ణుడి లీలలు చెక్కి ఉన్నాయి. అక్కడ దక్షిణ భారత వర్తకులు కట్టుకున్న గుడి రాళ్ళవి. 1281 నాటి తమిళ శాసనం కూడా ఈ ఊళ్ళోనే దొరికింది. గుడి ముందున్న పడమటి వీధి సాయంత్రం సంతతో కిటకిటలాడుతుంది, అందుకని గుడిని పొద్దున, వీధిని చీకటి పడ్డాక పెట్టుకోండి. రైలు టికెట్టు పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు. విదేశీ పాస్‌పోర్టు ఆటోమేటిక్ గేటు దగ్గర పనిచేయకపోతే పక్కనే మనిషి ఉండే గేటుంటుంది, అరగంట ముందు స్టేషన్‌లో ఉంటే చాలు.